ఇంగ్లండు దేశపు పాలబండి

తెల్లవాఱుజామున పాలకేంద్రమునొద్ద క్యానులు వరుసగా నిలుచుటయు, వెన్నశాతము చూచి చీటీ వ్రాయుటయు, పిమ్మట బండి వచ్చి పాల నెత్తుకొని పోవుటయు మీరందఱు ఎఱిగినదే. ఆ బండి ఒక్క గంట ఆలస్యమైనచో కేంద్రమునొద్ద ఎంత ఆందోళన పుట్టునో నేను వేఱుగ చెప్ప నక్కఱలేదు. ధాన్యము గాదెలో నిలుచును. బెల్లము అటకమీద నిలుచును. పాలకు మాత్రము కాచుకొను గుణము లేదు. అందుచేత ఏ దేశమునందైనను పాలవ్యాపారముయొక్క చరిత్ర సగము ఆవుల చరిత్ర, సగము బండ్ల చరిత్ర. ఇంగ్లండు దేశమున పాలు పల్లెనుండి పట్టణమునకు నడచిన త్రోవ యెట్టిది, ఆ త్రోవపై బండి తోలినవాని బ్రదుకు ఎట్లు మాఱినది అను రెండు సంగతులను నేడు మీకు విన్నవింపదలచితిని.

1860 ప్రాంతమున లండను పట్టణవాసులు త్రాగు పాలలో హెచ్చుభాగము ఆ పట్టణములోనే పితుకబడుచుండెను. ఇండ్ల వెనుక సందులలోను, గాలి వెలుతురు చొరని కొట్టములలోను ఆవులను కట్టివైచి, బీరు కాచు బట్టీలనుండి వచ్చిన పిప్పిని మేపుచుండిరి. ఆడువారు కావడివంటి కాడిని భుజములపై వేసికొని, ఇరువైపుల పాలకుండలు వ్రేలాడ, వీథివీథి తిరిగి అమ్ముచుండిరి. ఆ పాలలో నీరు కలియుట సామాన్యమైయుండెను. దూరపుపల్లెల పాలు పట్టణమునకు వచ్చులోపల విఱిగిపోవును గనుక, ఆవునే పట్టణమునకు తెచ్చుట తప్ప వేఱుమార్గము లేకుండెను.

1865వ సంవత్సరమున రిండర్‌పెస్టు అను పశుమారి ఇంగ్లండున ప్రవేశించెను. ఇరుకుకొట్టములలో నుండుటచే లండనులోని ఆవులు వేలకొలది చచ్చెను. ఎన్నో కొట్టములు పాడుపడెను. జార్జి బార్హాము అను పాలవర్తకుడు అంతకు ముందటి యేడే, అనగా 1864లో, పల్లెపాలను రైలుమీద లండనునకు తెప్పించు కంపెనీ నొకదానిని స్థాపించియుండెను. వేగముగా పోవు ఎక్స్‌ప్రెస్సు రైళ్ల పేరునే తన కంపెనీకి పెట్టుకొనెను. పశుమారి వచ్చినపిదప పట్టణమంతయు ఆ త్రోవనే చూడవలసివచ్చెను. ఆవు పట్టణమును విడిచినది. పాలు ప్రయాణము కట్టినవి.

ఆ పాలు ప్రయాణముచేసిన పాత్ర అడుగున వెడల్పుగను, మెడవద్ద సన్నముగను ఉండు లోహపుక్యాను. ఒక్కొక్కటి 17 గ్యాలనులు, అనగా నేటి లెక్కకు సుమారు 77 లీటర్లు పట్టెడిది. నిండినదానిని ఒక్కడెత్తుట అసాధ్యము గనుక, రైలుకూలీలు దానిని వంచి, అంచుమీద దొర్లించి పెట్టెలలోనికి చేర్చుచుండిరి. రైతు తన గుఱ్ఱపుబండిపై స్టేషనువఱకు తెచ్చును. రైలు పట్టణమునకు గొనిపోవును. అచటినుండి పాలవర్తకుని తోపుడుబండి ఇంటింటికి చేర్చును. ఆ పనిలో శ్రమ మిక్కుటము. రాత్రియని పగలని లేదు. అయినను ఒక సంగతి గుర్తుంచుకొనవలయును. రైలుకంపెనీ నౌకరు పేరు చిట్టాలో ఉండెను. వానికి వారమువారము జీతము వచ్చుచుండెను. రేపు పని యున్నదా లేదా యని అతడు ప్రతిరాత్రి ఆలోచింప నక్కఱలేకుండెను.

మొదటి ప్రపంచయుద్ధము 1918లో ముగిసినపిదప సైన్యమునకు అక్కఱలేని లారీలు చౌకగా అమ్ముడుపోయెను. సైన్యములో బండి నడుప నేర్చినవారు అనేకులు తమ కొద్దిపాటి సొమ్ముతో ఒక్కొక్క లారీ కొని రవాణావ్యాపారము ప్రారంభించిరి. లారీ పొలముగట్టునకే వచ్చును. స్టేషనునకు పోవు శ్రమ తప్పును. రైతులు దానినే మెచ్చిరి. రైలువారును ఊఱకుండలేదు, 1927లో, లోపల గాజుపూత గల 3,000 గ్యాలనుల పాలతొట్లను చక్రములపై నిలిపి నడపసాగిరి. అయినను చివరకు గెలుపు లారీదే యయ్యెను. ఇంగ్లండుపల్లెల బాటప్రక్కను, లారీయంత యెత్తున, చెక్కతోనో రాతితోనో అరుగులు కట్టబడెను. రైతు వాటిపై 10 గ్యాలనుల క్యానులను పెట్టిపోయెడివాడు. లారీవాడు వాటిని ఎత్తుకొని పోయెడివాడు. ఆ పద్ధతి ఇంగ్లండు, వేల్సు సీమలలో 1979వఱకు సాగినది. పిమ్మట రైతులయింట చల్లదనపు తొట్లును, వాటినుండి గొట్టముతో పాలు తోడుకొను ట్యాంకరులారీలును వచ్చినవి.

పోటీ హెచ్చినకొలది డ్రైవరు నిద్ర తగ్గినది. ఒకనికంటె నొకడు తక్కువ కిరాయికి ఒప్పుకొని, ఆ నష్టమును పూడ్చుకొనుటకై రేయింబవళ్లు బండి నడపసాగిరి. నిద్రమత్తున జరుగు ప్రమాదములను చూచి ప్రభుత్వము 1930లో రహదారి చట్టమునొకదానిని చేసెను. దాని ప్రకారము డ్రైవరు ఎడతెగక 5½ గంటలకు మించి నడుపరాదు. 24 గంటలలో మొత్తము 11 గంటలకు మించరాదు. 1933లో సరకులారీలకు లైసెన్సుపద్ధతియు, 1938లో రవాణాపనివారి కూలినిగూర్చిన చట్టమును వచ్చినవి. ఆ 1933లోనే పాలమార్కెటింగుబోర్డు ఏర్పడెను. ఇంగ్లండు, వేల్సులలోని పాలనంతటిని ఆ బోర్డు రైతులనుండి కొని కంపెనీల కమ్ముటయు, దూరపురైతునకును దగ్గఱి రైతునకును నిలుకడయైన ధర యిప్పించుటయు దాని పని. 61 సంవత్సరములు నడచి, 1994లో ఆ బోర్డు తన కొనుగోలును చాలించినది.

ఇక పట్టణమువైపు చూతము. జాన్ జేమ్సు సేన్స్‌బరీయు, ఆయన భార్య మేరీ ఆన్‌యు 1869లో లండనులోని డ్రూరీలేను వీథిలో ఒక చిన్నయంగడి పెట్టిరి. అందు వారమ్మినవి పాలు, వెన్న, గ్రుడ్లు. ఆ యంగడి క్రమముగా అనేకశాఖలుగా పెరిగి, 1950లో క్రాయిడను అను చోట, కొనువాడే సరకును తీసికొని బుట్టలో వేసికొను పద్ధతికి మాఱినది. అదియే సూపర్‌మార్కెట్టు. అయినను అప్పటికింకను పాలు అంగడి సరకు కాలేదు. తెల్లవాఱకముందే బ్యాటరీబండిపై పాలవాడు వచ్చి, గాజుసీసాలను గడపయొద్ద పెట్టి, ఖాళీసీసాలను తీసికొనిపోవుట అచటి యాచారము. 1970లనాటికికూడ ఇంటింటి పాలలో పదింట తొమ్మిదిపాళ్లు ఆ విధముగనే వచ్చుచుండెను. పాలవానికి తన వీథులు, తన ఖాతాపుస్తకము ఉండెను. ఏ యింట ముసలివారు నిన్నటి సీసాను తీసికొనలేదో మొదట కనిపెట్టువాడు అతడే.

పిమ్మట ఇంటింట శీతలపెట్టె వచ్చెను, కారు వచ్చెను. వారమునకొకమాఱు సూపర్‌మార్కెట్టునకు పోయి, పెద్ద ప్లాస్టిక్కుసీసాలలో చౌకగా దొరకు పాలను తెచ్చుకొనుట జనులకు అలవాటయ్యెను. 2010లు సగము గడచునప్పటికి గడపయొద్దకు వచ్చు పాలు నూటికి మూడుపాళ్ల ప్రాంతమునకు దిగినవి. చిన్నచిన్న పాలశాలలు మూతపడి, మహానగరములంత యెత్తుగడతో కొలదిపాటి పెద్దశాలలు నిలిచినవి. వేలకొలది పాలవాండ్రు చేయుచుండిన పనిని ఇపుడు పెద్దలారీలు చేయుచున్నవి.

ఆ లారీపనిని కొంచెము దగ్గఱగా చూడవలయును. పాలశాలలో సీసాలను చక్రములుగల ఇనుపచట్రములలో పేర్చి, ఆ చట్రముతోడనే లారీలోనికి తోయుదురు. అంగడిలో ఆ చట్రమునే శీతలపు అరలోనికి నెట్టుదురు. లారీవెనుక బరువును దింపు ఎత్తుడుపలక యుండును. లోపల చల్లదనము పుట్టించు యంత్ర ముండును. చల్లనిసరకు 8 డిగ్రీల వేడికి మించరాదని చట్టము. పాలవర్తకులు అంతకంటె చల్లగనే ఉంచుదురు. నిండిన చట్రము మనిషిబరువునకు అనేకరెట్లు తూగును. అంగడి వెనుకటిపెరడు వాలుగా నుండి, వాన కురిసి తడిసియున్నచో, జాఱిన చట్రమును ఒక్కడు ఆపబూనుట అపాయకరము. ప్రతి యంగడికిని ఒక గడువువేళ నిర్ణయింపబడియుండును. నడుమ ఎక్కడనో బాటమీద బండ్లు కిక్కిఱిసి యాలస్యమైనచో, తన తప్పు లేకపోయినను డ్రైవరు వెనుకవరుసలో నిలువవలసివచ్చును.

ఈ పనిని చేయువారిలో కొందఱు ఆ పాలకంపెనీకో రవాణాకంపెనీకో నౌకరులు. మఱికొందఱు ఏ కంపెనీకిని నౌకరులు కారు. వారు ఏజన్సీ డ్రైవరులు. మనుష్యులను అద్దెకిచ్చు సంస్థకు ఏజన్సీయని పేరు. మన గోదావరి, విశాఖపట్టణపు జిల్లాలనుండి రంగూనుమిల్లులకు కూలీలను కూర్చి గొనిపోయిన మేస్త్రీలను విన్న పెద్దలకు ఈ యేర్పాటు క్రొత్తగా తోపదు. అయితే మేస్త్రీ అప్పునిచ్చి కట్టిపడవేసెను. ఏజన్సీ అప్పు నీయదు, రేపటికి హామీయు నీయదు. కట్టుటయు ఒక బాధయే, విడిచిపెట్టుటయు ఒక బాధయే.

ఏజన్సీ డ్రైవరు దినము ఇట్లు గడచును. సాయంకాలము ఫోనులో కబురు వచ్చును: రేపు తెల్లవాఱుజామున 3 గంటలకు ఫలానా డిపోయొద్ద నుండవలయునని. ఒక్కొక్కపుడు అతడు పరుండినపిదప, అక్కఱలేదని మఱియొక కబురు వచ్చును. పోయినచోట తన లైసెన్సును చూపి, మునుపెన్నడును ఎక్కని లారీ తాళపుచెవులను అందుకొనును. దీపములు, చక్రములు, బ్రేకులగొట్టములు, ఎత్తుడుపలక, లోపలి చల్లదనము అన్నియు తానే పరీక్షించి కాగితముపై వ్రాయవలయును. పిమ్మట తెలియని యూళ్ల సందులలో, తెలియని యంగళ్ల పెరళ్లలో, ఆ పెద్దబండిని వెనుకకు నడిపి నిలుపవలయును. ఆ యంగడి నౌకరులకు అతని పేరు తెలియదు. మఱునాడు అతడే వచ్చునను నమ్మకమును లేదు.

అతని వేళలను లెక్కించుటకు లారీలో టాకోగ్రాఫు అను యంత్రము కలదు. ఇంగ్లండుడ్రైవరులు మొదట దానిని గూఢచారియని నిందించి వ్యతిరేకించిరి. ఐరోపా న్యాయస్థానము 1979లో తీర్పుచెప్పినపిదప, 1981 ముగియులోపల అది తప్పనిసరి యయ్యెను. నేటి చట్టము ప్రకారము 4½ గంటలు నడిపినపిదప 45 నిమిషములు విరామము తీసికొనవలయును. దినమునకు 9 గంటలు, వారములో రెండుదినములు మాత్రము 10 గంటలు నడుపవచ్చును. ఇది డ్రైవరునకు రక్షణయే. కాని ఆ నియమము తప్పినచో దండన డ్రైవరుమీదకూడ పడును. పని పంచిపెట్టినవాడు తొందరపెట్టినను, తన లైసెన్సును తానే కాపాడుకొనవలయును. మఱునాటి పిలుపుకొఱకు ఎదురుచూచువాడు, నేడు కాదని గట్టిగా చెప్పుట ఎంత కష్టమో మీరు ఊహింపగలరు.

అట్లయిన పాలవర్తకు లేల ఇట్టివారిని పెట్టుకొందురు? అందఱును దుర్మార్గులగుటచేత కాదు. దాని కారణము పాలలోనే కలదు. ఆవు ఆదివారమని, పండుగయని చూడదు. ప్రతిదినము ఇంచుమించు సమముగ ఇచ్చును. జనుల కొనుగోలు అట్లు కాదు. వారాంతమునందును, క్రిస్మసునకు ముందును అంగడి ఖాళీయగును. మఱికొన్ని దినములలో మందగించును. నౌకరులలో కొందఱు జబ్బుపడుదురు, కొందఱు సెలవుపై పోదురు. ఎక్కువ గిరాకిగల దినమునకు సరిపడు మనుష్యులను ఏడాదిపొడవున పోషించుటకు వర్తకుడు ఇష్టపడడు. అందుచే ఆవుయొక్క నిలుకడకును, అంగడియొక్క చాంచల్యమునకును నడుమనున్న తేడా యంతయు ఎవనియో ఒకనిమీద పడవలయును. అది ఏజన్సీ డ్రైవరుమీద పడినది.

ఈ పనిని కోరి చేయువారును కలరు. వయసుమళ్లి వారమునకు మూడుదినములు చాలుననువారు, ఒక యజమానునికి లోబడుట కిష్టములేనివారు ఏజన్సీని మెచ్చుకొందురు. క్రొత్తగా లైసెన్సు పొందినవానిని, అనుభవము లేదని అనేక కంపెనీలు త్రోసిపుచ్చగా, మొదటియవకాశము ఏజన్సీద్వారా దొరకుటయు కద్దు. ఇంటికి దూదివంటి మెత్తని స్వేచ్ఛ యొకనికి, అదే మఱియొకనికి ముల్లు. ఇల్లు, అద్దె, పిల్లల చదువు గలవానికి వారమునకు ఎన్నిదినములు పనిదొరకునో తెలియకుండుట స్వేచ్ఛ కాదు.

చరిత్రలో ఇది మొదటిసారి కాదు. లండను ఓడరేవునందు నూఱేండ్లకు పైగా దినకూలిపద్ధతి సాగెను. ఉదయమున గేటునొద్ద వందలకొలది మనుష్యులు గుమికూడగా, మేస్త్రీ కొందఱను పిలిచి తక్కినవారిని పంపివేయుచుండెను. 1889లో ఆ కూలీలు సమ్మెకట్టిరి. వారి కోరికలు రెండు మిక్కిలి ముఖ్యమైనవి: గంటకు 6 పెన్నీల కూలి; పిలిచినచో కనీసము 4 గంటల పని. ఆ సమ్మె గెలిచినది. కాని రోజువారీ పిలుపు పోవుటకు చాలకాలము పట్టినది. 1947లో ఓడరేవుకూలీల పేర్లను చిట్టాకెక్కించు పథకము వచ్చెను. 1967లోగాని వారు స్థిరనౌకరులు కాలేదు. నాడు గేటునొద్ద గుమికూడినవారు ఒకరినొకరు చూచుకొనిరి. అందుచేత సంఘము కట్టిరి. నేడు ఫోనునొద్ద ఒంటరిగా కూర్చున్నవానికి తనవంటివారు ఎందఱో కనబడరు.

చట్టము మెల్లగా వెంబడించినది. 1998లో చేసిన నియమములచే ఏజన్సీపనివారికిని జీతముతోగూడిన సెలవు లభించెను. 2011 అక్టోబరు 1వ తేదినుండి, ఒకేచోట ఒకే పనిలో 12 వారములు గడపిన ఏజన్సీపనివానికి అచటి నౌకరులతో సమానమైన కూలి నీయవలయునని శాసనమయ్యెను. కాని ఆ సమానకూలి హక్కును తప్పించుకొను సందు ఒకటి ఆ శాసనములోనే యుండెను. దానిని 2020 ఏప్రిలులో మూసివేసిరి. మఱియొక సందుకూడ నుండెను. అనేక డ్రైవరులు తమ్ము తామే ఒక్కమనిషి కంపెనీగా నమోదుచేసికొని కూలి పుచ్చుకొనుచుండిరి. పన్ను కొంత తగ్గును. కాని జబ్బుపడినపుడు కూలి లేదు, సెలవుకూలి లేదు. 2021 ఏప్రిలున, అట్టివాడు నిజముగా స్వతంత్రుడా, నౌకరువంటివాడా యని తేల్చు భారమును ప్రభుత్వము పెద్దకంపెనీలపై పెట్టెను.

ఆ 2021వ సంవత్సరముననే దేశమంతటికిని కన్నులు తెఱపుడు పడెను. కరోనావ్యాధిచే డ్రైవరుపరీక్షలు నిలిచియుండెను. ఐరోపానుండి వచ్చిన డ్రైవరులు అనేకులు స్వదేశములకు మఱలిపోయిరి. వయసుమళ్లినవారు పనిమానిరి, కూలియు, బాటప్రక్క వసతులును చాలమి యువకులు చేరకుండిరి. సుమారు 1,00,000 మంది డ్రైవరులు తక్కువగా నున్నారని రవాణాదారుల సంఘము లెక్కకట్టెను. ఆవులు పాలిచ్చుచునే యుండెను. పాలశాలలు నడచుచునే యుండెను. కాని అనేక అంగళ్లలో పాల అరలు ఖాళీగా కనబడెను. ప్రభుత్వము ఆ వేసవిలో డ్రైవరు దినమునకు నడుపదగిన వేళలను కొంతకాలము సడలించెను. అనగా మనుష్యులు చాలనిచోట ఉన్నమనుష్యులనే ఎక్కువ నడుపుమని చెప్పినట్లు. సెప్టెంబరున విదేశపు డ్రైవరులకు 5,000 తాత్కాలిక అనుమతుల నిచ్చెదమని ప్రకటించెను. అది చాలక, కంపెనీలు కూలి పెంచి, చేరినవారికి బహుమానములు ప్రకటించినవి. ఎన్నో యేండ్లు ఎవరికిని కనబడని పాలబండివాడు, అతడు రాని దినమున అందఱికిని కనబడెను.

పెద్దలారా, ఈ కథను పరదేశపు వింతగా నేను చెప్పలేదు. పాలు పట్టణమునకు చేరుటకు ఇంగ్లండువారు నూటయేబది యేండ్లకు పైగా చేసిన యేర్పాటులు గొప్పవి. పశుమారినుండి రైలు, రైలునుండి లారీ, లారీనుండి శీతలపుబండి, ఒక్కొక్క అడుగునను పాలకు నిలుకడ హెచ్చినది. పాలు చెడకుండుటకు ఎన్ని డిగ్రీల చల్లదనము వలయునో వారు కొలిచిరి. బండి నడుపువాని బ్రదుకు చెడకుండుటకు ఎన్నిదినముల పని వలయునో కొలుచుట ఇంకను ముగియలేదు.

ఏ యూరనైనను పాలసంఘముల లెక్కలు చూచునపుడు రైతుకు ధర యెంత, కొనువానికి ధర యెంత అని అడుగుట న్యాయమే. నడుమ బండి తోలినవానికి రేపు పని యున్నదా అనికూడ ఒకమాట అడిగినచో లెక్క పూర్తియగును.